నీళ్లలో మునిగే చెక్కే గిటారుకు మంచిదా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గిటార్ల తయారీ మీద వచ్చిన వ్యాసం చదివాం. విజయవాడ, గుంటూరుల్లో తాతల నాటి రోజ్‌వుడ్ మంచాలు విప్పించి గిటారు చేయించుకోవాలని సరదాపడే కుర్రవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ వ్యాసం చేతపట్టుకుని ఎవరైనా వడ్రంగి దగ్గరికి వెళితే మంచి చెక్క పాడవుతుందన్న బెంగతో ఈ ఉత్తరం రాస్తున్నాం. అందులో మూడు మాటలు దిద్దాల్సినవి ఉన్నాయి: నీళ్లలో మునిగే చెక్క అయితేనే గిటారు మోగుతుందని, వారం ఎండబెడితే చాలని, తలుపులకు వాడే తెల్ల బంకే సరిపోతుందని. రెండో మాటతో జరిగే నష్టమే ఎక్కువ కాబట్టి దానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాం, మన్నించండి.

మునగడం సంగతి ముందు తేల్చేద్దాం. గిటారు వీపుకూ పక్కలకూ ప్రపంచమంతా విరివిగా వాడేది మన రోజ్‌వుడ్, అదే ఇరుగుడు. ఆరిన రోజ్‌వుడ్ ఘనపు మీటరుకు సుమారు 830 కిలోలు తూగుతుంది, అంటే నీళ్లలో తేలుతుంది. మునిగేవి ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ (1,270 కిలోల దాకా), ఎబొనీలో (నల్లటి చేవ ఉండే గట్టి చెక్క) కొన్ని రకాలు, ఎర్రచందనం చేవ. మీ వ్యాసంలోని పరీక్ష పెడితే ముందు రోజ్‌వుడ్డే తప్పుతుంది. అసలు గిటారు మోతలో పెద్దపాలు ముందు పలకది. అది స్ప్రూస్ అనే చలిదేశపు తేలికరకం చెక్క, ఘనపు మీటరుకు 400 నుంచి 450 కిలోలు మాత్రమే. 2018లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వీపూ పక్కలూ తప్ప మిగతావన్నీ ఒకేలా ఉన్న ఆరు గిటార్లు చేయించి, ఏ చెక్కో కనబడకుండా చేసి 52 మంది చేత వాయింపించారు. చవకరకం చెక్కకూ బ్రెజిల్ రోజ్‌వుడ్‌కూ వచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ 1862లోనే వీపూ పక్కలూ అట్టతో చేసి చూపించాడు.

గట్టి చెక్క నిజంగా కావలసింది ఫింగర్‌బోర్డుకు (మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక), బ్రిడ్జికి (ముందు పలక మీద తీగలను పట్టి ఉంచే ముక్క). ఉక్కు తీగల ఒరిపిడికి మెత్తటి చెక్క గాళ్లు పడిపోతుంది. వీపుకూ పక్కలకూ మాత్రం అందం కోసం, నిలకడ కోసం వాడతారు, అది తప్పేమీ కాదు. మొదటిసారి చేసేవాళ్లు పనసతో మొదలుపెడితే మంచిదని మా అభిప్రాయం. నూజివీడు, బొబ్బిలి వీణలు పనసవే. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో గిటార్లకూ పనస వాడతారు. పనస వంగుతుంది, బంక పట్టుకుంటుంది, ఉలికి లొంగుతుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మాత్రం మరీ మెత్తన, ఈ పనికి రాదు.

ఇక ఆరడం. చెక్కలో నీళ్లు ఎంత ఉండాలన్నది ఎండ నిర్ణయించదు, చుట్టూ ఉన్న గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. గాలిలో తేమ 80 శాతం, వేడి 30 డిగ్రీలు ఉంటే ఏ చెక్కయినా సుమారు 15, 16 శాతం నీళ్ల దగ్గర ఆగిపోతుంది. అదే తేమ 45 శాతమైతే 8 శాతానికి దిగుతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలం ఉదయాల్లో తేమ 80 దాటడం మామూలే. అలాంటి రోజుల్లో అతికించిన గిటారును హైదరాబాదులో ఏసీ గదికి పట్టుకెళితే ఏమవుతుందో లెక్క వేయండి. చెట్టు వయసు వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేలా కోసిన రోజ్‌వుడ్ వీపు, వెడల్పు 400 మి.మీ. అనుకుంటే, దాదాపు 3 మి.మీ. కుంచించుకుపోతుంది. వలయాలు అడ్డంగా పడుకున్న కోతయితే 6 మి.మీ.కు పైగా. వీపు లోపలి వైపు అడ్డంగా అంటించిన బద్దలు మాత్రం పొడవునా దాదాపు తగ్గవు. బద్దలు పట్టి ఉంచుతాయి, పలక లాక్కుంటుంది, చివరికి పలకే చీలుతుంది. గట్టి చెక్క నీటిని నెమ్మదిగా వదులుతుంది, నెమ్మదిగా పీలుస్తుంది, కానీ కదిలినప్పుడు మెత్తటి చెక్క కంటే బలంగా లాగుతుంది. రోహిణీ కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, రెండున్నర మిల్లీమీటర్ల పలక ఏపాటిది?

వారం ఎండలో పెట్టడం ఎందుకు ప్రమాదమంటే, పై పొర ముందు ఎండి బిగుసుకుంటుంది, లోపలి నీళ్లు బయటికి రాలేవు. కొసల నుంచి నీళ్లు తొందరగా పోయి బీటలు అక్కడే మొదలవుతాయి. దుంగగానో దిమ్మగానో ఉన్నది ఆరబెట్టాలంటే ముందు రెండు కొసలకూ మైనం గానీ పాత ఆయిల్ పెయింటు గానీ దట్టంగా పూయాలి. అంగుళం మందానికి ఏడాది అన్న వడ్రంగుల లెక్క టేకు లాంటివాటికి సరిపోతుందేమో గానీ ఎబొనీకి చాలదు. అందుకే దిమ్మను ముందే కోత మిల్లులో పలకలుగా కోయించుకోవడం మేలు. బ్యాండ్ రంపం కోత 1.2 మి.మీ. దాకా తినేస్తుంది, ముఖాలు చదును చేయడంలో ఇంకొంత పోతుంది కాబట్టి 25 మి.మీ. చెక్కలో 4 మి.మీ. పలకలు నాలుగే వస్తాయి, అయిదుకు ఆశపడితే అన్నీ పలచనైపోతాయి. వీపుకు 550 మి.మీ. పొడవు, 205 వెడల్పు ఉన్నవి రెండు. పక్కలకు 850 పొడవు, 125 వెడల్పు ఉన్నవి రెండు. పలకల మధ్య ఒకే మందం పుల్లలు, ఒకదాని మీద ఒకటి సూటిగా నిలిచేలా పెట్టి, పైన బరువుంచి నీడలో గాలి ఆడేచోట పేర్చాలి. పుల్లలు పక్కకు తప్పితే పలక అలలు తిరుగుతుంది.

ఆరిందో లేదో చేత్తో తట్టి చెప్పలేం. వంటింటి త్రాసు చాలు. ప్రతి పలక మీదా పెన్సిలుతో తేదీ, బరువు రాసి వారానికోసారి తూచాలి. వరుసగా మూడు వారాలు గ్రాము కూడా తేడా లేకపోతే ఆ గదికి తగ్గట్టు అది ఆరినట్టు. నీళ్లు ఎంత శాతమో కచ్చితంగా తెలియాలంటే కోతలో మిగిలిన ముక్క ఒకటి తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచాలి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించాలి. 56 గ్రాముల ముక్క 50 అయితే 12 శాతం, ఇంకా ఆరాలి. ఎండిన బరువుతోనే భాగించాలి సుమా, తడి బరువుతో కాదు.

గాలిలో తేమ కొలిచే మీటరు ఆన్‌లైన్లో చవకగా దొరుకుతుంది గానీ పది పాయింట్లు అబద్ధం చెప్పేవి కొల్లలు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని కవరులో పన్నెండు గంటలు ఉంచాలి. కవరులో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 69 చూపిస్తే ఆరు కలుపుకుని చదువుకోవాలి.

ఇప్పుడు గది గాలిలో తేమను 45 శాతానికి తేవడం. ఏసీ ఒక్కటే నడిపితే చాలాసార్లు 55 దగ్గర ఆగుతుంది, కరెంటు పోగానే మళ్లీ ఎక్కుతుంది. డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగేసే యంత్రం) కొనలేనివాళ్లకు ఒక పద్ధతి ఉంది. ప్లైవుడ్ బీరువా అడుగున 60 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బు, పైన చిన్న థర్మోస్టాట్. గాలి 30 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే అందులో 80 శాతం ఉన్న తేమ 46కు పడిపోతుంది. నీళ్లు ఎక్కడికీ పోవు, వేడిగాలికి మోసే శక్తి పెరుగుతుందంతే. బల్బుకు చెక్క కనీసం అడుగు దూరం ఉండాలి, పైనా కిందా నాలుగు చిల్లులు పెట్టాలి, రాత్రి మనిషి లేని ఇంట్లో వెలిగించి వదలకూడదు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి చాలదు, వేడి రాదు.

బీరువాలో నుంచి తీసిన 2.5 మి.మీ. పలక అర్ధగంటలోనే బయటి తేమ పీల్చడం మొదలుపెడుతుంది. కాబట్టి బద్దలు ముందే చెక్కి, క్లాంపులు సిద్ధం చేసుకుని, పలకను చివర్లో తీయాలి. మన దగ్గర బద్దలు అంటించడానికి అనువైనది ఫిబ్రవరి నుంచి మే దాకా మధ్యాహ్నాల పూట. అప్పుడు కూడా మీటరు చూడకుండా మొదలుపెట్టకూడదు. మరీ పొడిగా, 30 శాతంలో అతికిస్తే శ్రావణం వచ్చేసరికి పలక ఉబ్బి తీగలు ఫింగర్‌బోర్డు నుంచి పైకి లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి. విదేశీ పుస్తకాల్లో 40 అని ఉంటుంది. కృష్ణా తీరంలో ఉండిపోయే గిటారుకు 45 నుంచి 50 మధ్య మేలని మా లెక్క. వీపు బద్దల అడుగును 15 అడుగుల వ్యాసార్ధపు వంపులో చెక్కితే నడిమిలో 4 మి.మీ. పైచిలుకు ఉబ్బు వస్తుంది. పొడి రోజుల్లో పలక కుంచించుకున్నప్పుడు ఆ ఉబ్బు కాస్త దిగుతుంది, చీలకుండా కాచేది అదే. చదునుగా అంటించిన వీపుకు ఆ వెసులుబాటు లేదు.

పాత మంచం చెక్క గురించి ఒక మాట. యాభై ఏళ్ల నాటిది కదా, ఆరే ఉంటుందనుకుంటారు. పాతదైనా కొత్తదైనా వానాకాలంలో నీళ్లు పీలుస్తుంది, దాన్నీ తూచాల్సిందే. ఆరడుగుల మంచం పట్టె అయిదంగుళాల వెడల్పు ఉంటే పక్కలకు సరిగ్గా సరిపోతుంది. తలవైపు పలకల్లో వీపు వస్తుంది, వెడల్పు చాలకపోతే మూడు ముక్కలు అతికినా తప్పులేదు. కోత మిల్లుకు పంపేముందు అయస్కాంతంతో వెతికి మేకులన్నీ తీయించండి. ఒక్క మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి, మిల్లు వాళ్లు రెండోసారి రానివ్వరు.

రోజ్‌వుడ్ రంధ్రాల్లో సున్నం లాంటి తెల్లటి పదార్థం అక్కడక్కడా పేరుకుని ఉంటుంది. చిత్రిక పదును అయిదు నిమిషాల్లో పోతే తప్పు ఇనుముది కాదు. పోగు అటూఇటూ తిరిగిన చోట మామూలు 45 డిగ్రీల చిత్రిక పేళ్లు లేపుతుంది. బ్లేడు చదును వైపు 10 డిగ్రీల చిన్న వాలు నూరితే కోత కోణం 55 అవుతుంది, పేళ్లు తగ్గుతాయి. చివరి అర మిల్లీమీటరు స్క్రేపర్‌తో (గీకే ఉక్కు రేకు) తీయడమే క్షేమం. వీపు 2.5 మి.మీ., పక్కలు 2 మి.మీ. దాకా తేవాలి. పక్కలు 2.5 దగ్గర ఆపితే వంచేటప్పుడు నడుము దగ్గర ఫటేలుమంటాయి.

వంచడానికి రోజ్‌వుడ్ నిజానికి సాధువైన చెక్క. తడి గుడ్డతో తుడిచి, తడిపిన బ్రౌన్ కాగితంలో చుట్టి, రెండు పలచటి ఉక్కు రేకుల మధ్య పెట్టి హీటింగ్ బ్లాంకెట్‌తో (కరెంటుతో వేడెక్కే పలచటి పట్టా) 150 డిగ్రీలకు తేవాలి. గిటారు ఆకారపు అచ్చు మీద మర బిగిస్తూ ముందు నడుము, నెమ్మదిగా, చుట్టు తర్వాత చుట్టు. ఆ తర్వాత కింది గుండ్రం, చివర పై గుండ్రం. ఆ వేడిలో పది నిమిషాలు ఉంచి ఆపేసి, చల్లారాక ఒకసారి 120కి వేడిచేసి, రాత్రంతా అచ్చులోనే వదిలేయాలి. నీళ్లు ఎక్కువైతే పలక వెడల్పున దొన్నెలా ముడుచుకుంటుంది. నానబెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఎబొనీ, బ్లాక్‌వుడ్ ఇంత తేలిగ్గా లొంగవు.

బంక దగ్గర మీ వ్యాసం మరీ తప్పేమీ కాదు, కానీ రోజ్‌వుడ్ లాంటి గట్టి చెక్కలో నూనె ఉంటుంది. చిత్రిక పట్టిన ముఖానికి ఆ నూనె గంటల్లో పైకి వస్తుంది, బంక దానిమీదే కూర్చుంటుంది. అందుకే తాజాగా గీకిన ముఖాన్ని అరగంటలోపే అతికించాలి. అసిటోన్‌తో తుడవడం మామూలే. అయితే అది ఆవిరవుతూ చెక్కను చల్లబరుస్తుంది, మన వానాకాలపు గాలిలో ఆ చల్లటి ముఖానికి తేమ పడుతుంది. తుడిచాక రెండు నిమిషాలు ఆగాలి. దగ్గర్లో మంట ఉండకూడదు. తెల్ల బంక 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది, మే నెలలో మూసిన కారులో వేడి అంతకు పైనే. ఆరు ఉక్కు తీగలు కలిపి 70 కిలోలకు పైగా లాగుతాయి, బ్రిడ్జి ఊడేది అక్కడే. పసుపు బంక కొంత మెరుగు గానీ దాన్నీ కారులో వదలడానికి లేదు. తోలుతో కాచే పాత బంకను 60, 63 డిగ్రీల మధ్య కరిగించి వాడేవాళ్లకు మన వేసవి ఒక్కందుకు మంచిదే: చలిదేశాల్లో నిమిషంలో గడ్డకట్టేది ఇక్కడ కాస్త తీరిక ఇస్తుంది. ఏ బంకైనా ముందు రెండు చిత్తు ముక్కలు అతికించి మర్నాడు విరిచి చూడండి. చెక్క చీలితే అతుకు మంచిది. బంక గీత వెంట నున్నగా విడిపోతే ముఖం మళ్లీ గీకాలి.

ఫింగర్‌బోర్డు విషయంలో చాలామంది పొరబడేది ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు మెట్లు) గాళ్ల దగ్గర. 645 మి.మీ. తీగకు మొదటి ఫ్రెట్ దూరం 36.2 మి.మీ., 17.817తో భాగిస్తే వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగించుకుంటూ పోవాలి. ఎబొనీలో గాడి 0.6 మి.మీ. వెడల్పు ఉండాలి. అంతకు ఇరుకైతే ఇరవై ఫ్రెట్లూ ఇరవై చీలల్లా పనిచేసి మెడను వెనక్కి వంచేస్తాయి. మూడు మూలల ఆకురాయితో గాడి అంచు ఒక్కసారి తాకించి ఉంచితే తర్వాత ఫ్రెట్ పీకినా చెక్క పెళుసుగా లేవదు. బీడీ ఆకు కోసే తునికి కూడా ఎబొనీ కుటుంబానిదే, ముదురు చేవ నల్లగా ఉంటుంది. పెద్ద పలక దొరకడం అరుదు గానీ బ్రిడ్జి ముక్క రావచ్చు.

పాలిష్ దగ్గర రెండు జాగ్రత్తలు. రోజ్‌వుడ్ రంగు స్పిరిట్‌లో కరిగి పక్కనున్న తెల్లటి స్ప్రూస్ మీదికి పాకుతుంది, స్ప్రూస్ అంచులకు ముందే పలచగా లక్క పాలిష్ పూసి ఆరనివ్వాలి. ఆయిల్ వార్నిష్ నేరుగా పూస్తే వారాలైనా జిగట పోదు, చెక్కలోని పదార్థాలే దాన్ని ఆరనివ్వవు. అక్కడా అడుగున లక్క పూత వేస్తే సరిపోతుంది.

చట్టం సంగతి మీ వ్యాసంలో లేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ (అంతరించే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, కొనడానికి ప్రయత్నించకండి. రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017 జనవరి 2 నుంచి రెండో జాబితాలోకి వచ్చింది. పూర్తయిన సంగీత వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు దొరికింది. అమెరికాలో ఉన్న మనవడికి గిటారు పంపడం వేరు, పలకలు పంపడం వేరు. అడితిలో కొన్న రోజ్‌వుడ్‌కు బిల్లు, అటవీశాఖ రవాణా పత్రం అడిగి తీసుకోండి. ఎర్రచందనం 1995 నుంచే రెండో జాబితాలో ఉంది. జపాన్‌లో మూడు తీగల షమిసెన్ వాద్యం మెడకు ఇష్టపడే చెక్క అదే, గిటారుకూ బాగుంటుంది. కాగితం లేని ముక్క ఎవరు ఉచితంగా ఇచ్చినా ఇంట్లో పెట్టుకోవద్దు.

చివరిగా మీ వ్యాసంతో వేసిన ఫొటో. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని, సీలింగ్ ఫ్యాను కింద ఒకాయన రోజ్‌వుడ్‌కు ఉప్పు కాగితం పడుతున్నట్టు వేశారు. చెక్క ధూళిని ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజ్‌వుడ్, దాని మధ్య అమెరికా బంధువు కోకోబోలో ధూళిలో చర్మానికి పడని పదార్థాలు ఉన్నాయి, అవి చెమటలో కరిగి మెడ, మోచేతి మడతల్లో దద్దురు తెస్తాయి. కొందరికి ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. మన ఊళ్లో వేసవిలో చెమట పట్టని గంట ఉండదు, కాబట్టి గరుకు పని తెల్లవారుజామున పెట్టుకోవడం, అవగానే స్నానం చేసి ఆ బట్టలు విడిగా ఉతకడం మంచిది. చేతిరుమాలు సన్నటి ధూళిని ఆపదు, ముక్కుకు బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు కావాలి. ఫ్యాను ధూళిని గదంతా తిప్పుతుంది, కిటికీలో బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. చీపురు కాకుండా తడిగుడ్డతోనో వ్యాక్యూమ్‌తోనో ఎత్తాలి.

ఆ వ్యాసం మళ్లీ వేసే పక్షంలో "వారం ఎండబెట్టాలి" అన్నచోట "బరువు మారడం ఆగేదాకా నీడలో ఆరబెట్టాలి" అని దిద్దండి. ఫొటో కూడా మార్చగలరు.

ఇట్లు,
గిటార్లు చేసే, బాగుచేసే ఇద్దరం,
విజయవాడ